పని చూసేవారు

సిమెంటు కొట్టువాళ్ళు నెలనెలా ఊరికే పంచే బిల్డర్ల పత్రికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కరే. ఆవిడ కాంట్రాక్టరు కాదు. అసలైన కాంట్రాక్టర్లంతా పై పేజీలో ఇనుము ధర చూసి, పెదవి విరిచి, ఆ కాగితాన్నే బస్తా మీద పరుచుకుని కూర్చుని టీ తాగుతారు. టేపక్క మాత్రం రంగుల డబ్బాల ప్రకటనలు కూడా వదలదు. నడుముకి ఎప్పుడూ కొలతల టేపు తగిలించుకుని తిరుగుతుందని పనివాళ్ళు పెట్టిన పేరది. పెట్టినప్పుడు వెక్కిరింపే. ఇప్పుడు కొట్లో బిల్లు మీద కూడా అదే రాస్తున్నారు.

ఆ పొద్దున, తను కట్టిస్తున్న నర్సుగారి ఇంటి పైన, స్లాబుకి ఇనుప కమ్మీలు కడుతున్న చప్పుడు మధ్య నిలబడి చదువుతూ, మూడో పేజీలో ఒకచోట ఆగిపోయింది. కొత్త చట్టం ఈ నెల నుంచే అమలట. కడుతున్న ఇంటి ముందు పెట్టే బోర్డులో ‘పని చూసేవారు’ అన్నచోట నిజంగా పని చూసే మనిషి పేరే ఉండాలి. స్లాబు పోసేముందు ఇన్‌స్పెక్టరు వచ్చి ఆ మనిషినే నిలబెట్టి అడుగుతాడు. పేరు ఒకరిదీ పని ఇంకొకరిదీ అయితే లైసెన్సు పోతుంది. నెలాఖరులోగా పేరు మార్చుకున్నవాళ్ళకి మాత్రం ఏ శిక్షా లేదు. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో, ఇంకో మాట ఉంది. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ లైసెన్సు కింద పనిచేసినవాళ్ళు సొంత లైసెన్సు అడగవచ్చు. తమ పేరు మీద తనిఖీ జరిగిన పని ఒక్కటి చూపించాలి. దానికీ గడువు నెలాఖరే.

ఒక్కటి చాలట! టేపక్క తలెత్తి వీధిలోకి చూసింది. మలుపులో పచ్చ గేటు ఇల్లు ఆవిడ కట్టిందే. దాని పక్కన మెట్లు బయటికున్న ఇల్లూ ఆవిడదే. ఆ మెట్ల దగ్గర ఆవిడ పడ్డ యాతన ఆవిడకీ దేవుడికీ తెలుసు. కానీ ఏ ఇంటి కాగితం తిరగేసినా ఉండేది బావగారి పేరే. నెలాఖరులోగా స్లాబు పడేది ఈ నర్సుగారిల్లు ఒక్కటే. ఇది దాటితే ఇక ఏముంది, బతికినన్నాళ్ళూ టేపక్కే.

కింద వ్యాను హారను మోగింది. బావగారంటే ఆవిడ భర్తకి అన్నగారు. లైసెన్సు ఆయనది. మోకాలు అరిగిపోయాక మెట్లెక్కడం మానేశాడు. వ్యాను కిటికీలోంచే పని అడిగి, కిటికీలోంచే వెళ్ళిపోతాడు. టేపక్క పత్రిక పట్టుకుని గబగబా దిగింది.

“బావగారూ, ఇది చూశారా?”

“ఇనుము పెరిగిందా మళ్ళీ?”

“ఇనుము కాదు. చట్టం.”

“చట్టాలకేం, వస్తూనే ఉంటాయమ్మా,” అంటూనే కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టుకుని చదివాడు. “దీనికింత కంగారెందుకు? బోర్డు మీద నా పేరుందిగా. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు నేనొచ్చి నిలబడతా. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వస్తా. సరేనా?”

“అది కాదు. ఆ ఒక్కచోట నా పేరు రాయిద్దామా అని.”

బావగారు నవ్వాడు. ఆవిడ నవ్వకపోయేసరికి ఆయన నవ్వు కూడా సగంలో ఆగింది.

“ఒకే ఇంట్లో ఇద్దరు కాంట్రాక్టర్లా? అన్నదమ్ములు విడిపోయారనుకోరూ జనం? నీకేం లోటు చేశానమ్మా నేను?”

లోటు చేయలేదు. అదే వచ్చిన చిక్కు. తన పిల్లకి జ్వరమొస్తే వ్యానేసుకుని పరిగెత్తింది ఈయనే. తాపీ పట్టుకోవడం నేర్పిందీ ఈయనే. లోటు చేసిన మనిషితో అయితే దెబ్బలాడవచ్చు. “ఏం లేదులెండి బావగారూ,” అంది టేపక్క. అన్న మరుక్షణమే తన మీద తనకి ఒళ్ళు మండింది. వ్యాను మలుపు తిరిగాక గానీ అనవలసిన మాటలు ఒక్కొక్కటే గుర్తుకు రాలేదు.

ఆ కోపమంతా బాల్కనీ మీద చూపించింది. నర్సుగారికి ఆ బాల్కనీ అంటే ప్రాణం. డ్యూటీ దిగొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చోవాలట. దాని కింద స్తంభం ఉండదు. గోడలోంచి చెయ్యి చాచినట్టు బయటికి వస్తుంది. అలాంటిదానికి బలమంతా పైభాగంలో ఉండాలి. కమ్మీలు పైన ఉంటే మోస్తుంది, కిందికి జారితే ఎప్పుడో ఒకనాడు మనుషులతో సహా వంగిపోతుంది. అందుకని కమ్మీల కింద అక్కడక్కడా వంచిన ఇనుప ముక్కలు నిలబెడతారు. వాటిని కుర్చీలంటారు.

“ఇంకో కుర్చీ పెట్టు ఇక్కడ,” అంది టేపక్క.

“అక్కా, ఇప్పటికే పెళ్ళి పందిరిలో ఉన్నన్ని కుర్చీలు పెట్టాం,” అన్నాడు కమ్మీల మేస్త్రి, చేతిలో కొక్కెం తిప్పుతూ. సన్నటి తీగని రెండు కమ్మీల చుట్టూ వేసి ఒక్క తిప్పు తిప్పితే ముడి పడిపోతుంది అతని చేతిలో. మాటలెక్కువ మనిషే గానీ ముడి మాత్రం వదులుండదు.

“పెట్టమన్నానా?”

“పెడుతున్నా తల్లీ. ఎవరి మీదో కోపం నా మీద తీర్చుకుంటున్నట్టుంది.”

సాయంత్రానికి పని ముగిసింది. టేపక్క వంగి, టేపు జార్చి, ప్రతి వరసా చూసుకుంది. ఎక్కడా వేలెత్తి చూపడానికి లేదు. నీరెండలో ఆ ఇనుప గళ్ళు నేసినట్టు తీరుగా కనిపించాయి. ఇంత చక్కటి పని రేపెల్లుండిలో కాంక్రీటు కింద కప్పబడిపోతుంది, ఎవరూ చూడరు అనుకుంటే ఆవిడకి దిగులేసింది.

సరిగ్గా అప్పుడే నర్సుగారు వచ్చింది. డ్యూటీ బట్టల్లోనే, వెంట తల్లి, చెల్లెలు, చెల్లెలి పిల్లలు.

“టేపక్కగారూ, మా అమ్మకి బాల్కనీ చూపిద్దామని తీసుకొచ్చానండీ. ఒక్క ఫోటో తీసుకుంటాం, కాదనకండి.”

వేరే రోజయితే కాదనేదే. కమ్మీల మీద మనుషులు తిరగడానికి చెక్క పలకలు వేసి ఉంచుతారు. పలక దిగి అడుగేస్తే ఎవరినైనా సరే తిట్టి దించేస్తుంది. ఆ సాయంత్రం ఏం పట్టిందో గానీ, ఒకరెవరో తన పని చూడటానికి వచ్చారన్న సంబరంలో, సిమెంటు మరకల పలకలు ఫోటోలో పడితే ఏం బాగుంటుందని తనే దగ్గరుండి వాటిని తీయించింది. “ఇలా నిలబడండి, ఇక్కణ్ణుంచి మొత్తం కనిపిస్తుంది,” అని ముసలావిణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించింది. పిల్లలు గళ్ళలో తొక్కుడుబిళ్ళ ఆడారు. కమ్మీల మేస్త్రి ఏదో అనబోయి, ఆవిడ మొహం వెలిగిపోతుండటం చూసి ఊరుకున్నాడు.

“ఇదంతా మీరే కట్టారా అమ్మా?” అంది ముసలావిడ.

“నేనే కట్టించాను,” అంది టేపక్క. ఆ మాట పైకి అనడం ఎంత బాగుందో! వాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఆవిడ కాసేపు అక్కడే నిలబడి చూసుకుని, పలకలు మళ్ళీ యథాస్థానంలో వేయించి ఇంటికి వెళ్ళింది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు రాకముందే అంతా తిరిగి చూసింది. స్తంభాల ముడులు చూసింది, దూలాల అడుగున వేలు పెట్టి చూసింది. బాల్కనీ గుమ్మం దాకా వచ్చి, నిన్న సాయంత్రమే చూశాను కదా అని వెనక్కి తిరిగింది.

బావగారు మాట తప్పలేదు. ఇస్త్రీ చొక్కాతో వచ్చి, గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ పళ్ళు బిగించుకుంటూ పైకెక్కాడు. ఇన్‌స్పెక్టరు పలచటి మనిషి. జలుబు చేసినట్టుంది, మాటకొకసారి రుమాలు తీస్తున్నాడు. మంచివాడో చెడ్డవాడో మొహం చూసి చెప్పడానికి లేదు.

“పని చూసేవారు?”

“నేనేనండి,” అన్నాడు బావగారు.

అడిగినవాటికి జవాబులు బాగానే చెప్పాడు. ఒకప్పుడు చెయ్యి తిరిగిన మేస్త్రి ఆయన, తెలియక కాదు. టేపక్క పైమెట్టు పక్కన నిలబడి వింటోంది. ఆయన చెప్పే ప్రతి జవాబూ ఆవిడ నోట్లో కూడా ఆడుతోంది. ఇన్‌స్పెక్టరు దూలాలు చూశాడు, స్తంభాలు చూశాడు, తల ఊపాడు. తర్వాత బాల్కనీలోకి వెళ్ళి, పలక ఒకటి పక్కకి లాగి, జేబులోంచి స్కేలు తీసి కమ్మీల మధ్య నిలబెట్టాడు. ఇంకోచోట పెట్టాడు. రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు.

“ఇది పైన ఉండాల్సిన కమ్మి. అడుగు చెక్కకి ఆనుకుని పడుకుంది. ఇదిగో, ఇదీ అంతే. కుర్చీలన్నీ పక్కకి ఒరిగిపోయాయి. ఎవరండీ ఇది చూసింది?”

తొక్కుడుబిళ్ళ ఆడిన పిల్లలు, చెయ్యి పట్టుకుని తను నడిపించిన ముసలావిడ టేపక్క కళ్ళ ముందు కదిలారు. కాంక్రీటు పోసేసి ఉంటే! రేపు అదే ముసలావిడ ఇదే బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునేది.

బావగారి మొహం ఎర్రబడింది. “ఏరా, కుర్చీలు కట్టావా, ఊరికే పడేశావా?” అని కమ్మీల మేస్త్రి మీదికి తిరిగాడు. “వీడికి నోరు తప్ప చెయ్యి కదలదండీ. ఇవాళే మాన్పించేస్తా.”

ఎప్పుడూ నోరు మూయని మనిషి కిక్కురుమనలేదు. పలకలు ఎవరు తీయించారో అతనికి తెలుసు. ఒక్క మాటంటే బయటపడతాడు. కానీ చేతిలోని కొక్కెం వైపే చూస్తూ నిలబడ్డాడు. అది చూశాక ఇక టేపక్క వల్ల కాలేదు.

“అతన్నేమీ అనకండి,” అంది ముందుకొచ్చి. “అతను సరిగ్గానే కట్టాడు. నిన్న ఇంటివాళ్ళు ఫోటో తీసుకుంటామంటే పలకలు తీయించింది నేను. వాళ్ళని కమ్మీల మీద నిలబెట్టింది నేను. పొద్దున్న చూడకుండా వదిలేసింది కూడా నేనే.”

“మీరెవరు?”

ఎంత మామూలు ప్రశ్న! టేపక్క బావగారి వైపు చూడలేదు. “ఇక్కడ పని చూసేది నేనండి. మొదటి రాయి పడ్డప్పట్నుంచీ నేనే.”

ఇన్‌స్పెక్టరు బావగారిని చూశాడు, ఆవిణ్ణి చూశాడు, చేతిలోని అట్ట మీద కాగితం సర్దుకున్నాడు. “బోర్డు మీద ఈయన పేరుంది. ఇక్కడ తప్పు పడింది కాబట్టి కాగితం రాయాలి. ఎవరి పేరు రాయమంటారో మీరే తేల్చుకోండి. ఎవరి పేరు రాస్తే ఇవాళ్టినుంచి పని చూసేది వాళ్ళే. బోర్డూ అలాగే మార్చాలి.”

“నా పేరు రాస్తే నా లైసెన్సు మీద మచ్చ పడుతుందా?” అన్నాడు బావగారు.

“పడుతుంది.”

“ఆవిడ పేరు రాస్తే?”

“నెలాఖరు దాటలేదుగా. మీకేమీ అవదు.”

బావగారు గొంతు సవరించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. “ఆవిడ పేరే రాయండి. ఆవిడే ఒప్పుకుంటోందిగా,” అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

ఇన్‌స్పెక్టరు అడిగి, అక్షరం అక్షరం సరిచూసుకుని రాసుకున్నాడు. టేపక్క కాదు, అసలు పేరు. పనివాళ్ళలో కొందరు ఆ పేరు వినడం అదే మొదటిసారి. ఎల్లుండి పొద్దున మళ్ళీ వస్తానని, ఈలోగా దిద్దమని చెప్పి, కాగితం ఆవిడ చేతికిచ్చి అతను దిగి వెళ్ళిపోయాడు.

ఇంట్లో ఆ సాయంత్రం భర్త కూరగాయలు తరుగుతూ కాగితాన్ని చదివాడు. అతను బస్సు డ్రైవరు. డ్యూటీ లేని రోజు వంట అతనిదే.

“పేరు పడాలి పేరు పడాలి అన్నావు. పడింది,” అన్నాడు. “తప్పుల కాగితం మీద.”

ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. “నా బతుకులో ఒక్కసారి నా పేరు రాశారండీ. అదీ ఇందుకు! ఇంక లైసెన్సు ఎవరిస్తారు నాకు?”

“అన్నయ్య మీద కోపంగా ఉందా?”

“ఉంది. కానీ అంతకంటే నా మీద ఎక్కువుంది. ఫోటోకి బాగుంటుందని పలకలు తీయించాను. చిన్నపిల్లలా!”

భర్త కత్తి పక్కన పెట్టి, ఆవిడ చేతికి ఒక క్యారెట్ ముక్క ఇచ్చాడు. ఓదార్చడం అతనికి అంతవరకే వచ్చు.

మర్నాడు పొద్దున ఆవిడ వెళ్ళేసరికి వ్యాను అక్కడే ఉంది. వ్యానులో మనిషి లేడు. బావగారు పాత బనీనుతో సిమెంటు బస్తాల మీద కూర్చుని, వంపుడు బల్ల ముందుకు లాక్కుని ఇనుప ముక్కలు వంచుతున్నాడు. పక్కన అప్పుడే వంచిన కుర్చీలు కొన్ని ఉన్నాయి. అన్నీ ఒకే ఎత్తున, కత్తిరించినట్టున్నాయి.

“మోకాలు కుంటిది గానీ చేతులకేం రోగం?” అన్నాడు, ఆవిడ అడగకుండానే. “నిన్నటివాటికి పాదం చిన్నది పెట్టారు, అందుకే ఒరిగాయి. ఇవి చూడు. ఏనుగెక్కినా కదలవు.”

కమ్మీల మేస్త్రి ముఖం ముడుచుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు. బావగారు ఒక కుర్చీ తీసి అతని వైపు చాచాడు. “తీసుకోరా. నిన్న తొందరపడి నోరు జారాను.”

“మీ నోరు జారడం, నా నోరు మూతపడటం, రెండూ నిన్నే జరిగాయి బాబాయ్. వానొస్తుందేమో చూసుకోవాలి,” అన్నాడతను, కుర్చీ అందుకుంటూ. దాంతో అందరికీ ఊపిరాడింది.

రోజంతా పని జరిగింది. పైన టేపక్క, మేస్త్రి కలిసి ఒక్కో కమ్మీ పైకెత్తి కుర్చీలు దూర్చారు, ముడులు విప్పి మళ్ళీ వేశారు. కింద బావగారు వంచుతూనే ఉన్నాడు. టీ వేళకి ఆవిడ దిగి పక్క బస్తా మీద కూర్చుంటే, ఆయన గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పుతూ అన్నాడు:

“మోకాలు పోయింది. పేరొక్కటే మిగిలిందమ్మా నాకు. అదీ ఇచ్చేస్తే పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలి? అందుకే ఆ రోజు వద్దన్నాను. జనం ఏదో అనుకుంటారని కాదు.”

“ఇవాళ పొద్దున్నే లేచి ఎక్కడికి వచ్చారు బావగారూ?” అంది టేపక్క.

ఆయన గ్లాసులోకి చూశాడు. ఇంకాస్త టీ పోయించుకున్నాడు.

చెప్పిన రోజున ఇన్‌స్పెక్టరు వచ్చాడు. జలుబు తగ్గలేదు. ఈసారి ప్రశ్నలన్నీ టేపక్కనే అడిగాడు. మొదటి రెండింటికీ ఆవిడ తడుముకుంది, తర్వాత తడుముకోలేదు. స్కేలు పెట్టినచోటల్లా కమ్మి ఉండాల్సినచోటే ఉంది. అతను సంతకం పెట్టి కాగితం చేతికిచ్చాడు. మొన్నటిది కూడా ఉంది కదా అని అడిగాడు.

“ఉందండి. తప్పు పడ్డదేగా.”

“పారేయకండి. రెండూ జతచేసి లైసెన్సుకి పంపండి. పత్రికలో కూడా వేశారు, చూడలేదా? మీ పేరు మీద తనిఖీ జరిగిన పని ఉంటే చాలు.”

“తప్పు పట్టింది కూడా లెక్కలోకి వస్తుందా?”

“తప్పు పట్టాం, మీరే దిద్దారు అని ఉంటే మరీ మంచిది,” అన్నాడు ఇన్‌స్పెక్టరు, రుమాలు వెతుక్కుంటూ. “ఒక్క తప్పూ లేదని కాగితాలు పట్టుకొచ్చేవాళ్ళని మా ఆఫీసులో నమ్మరండీ. వాళ్ళు పని దగ్గరికి వెళ్ళారో లేదో మాకెలా తెలుస్తుంది?”

అతను మెట్లు దిగిపోయాడు. టేపక్క రెండు కాగితాలూ పట్టుకుని కదలకుండా నిలబడింది. మెట్ల మలుపులో గోడ పట్టుకుని నిలబడ్డ బావగారు అంతా విన్నాడు. ఒక్క క్షణం ఆయన మొహంలో రంగు మారింది. తర్వాత భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు.

“చూశావా నా తెలివి! నువ్వు నోరు తెరిచి అడిగితే ఇవ్వలేదు. నేను తప్పించుకుందామని నీ నెత్తిన పడేస్తే, పడింది సరాసరి లైసెన్సు!” నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకున్నాడు. “ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదమ్మా. ఇచ్చానని చెప్పుకోవడానికైనా ఉండేది.”

“కుర్చీలు ఇచ్చారుగా,” అంది టేపక్క.

కింద కాంక్రీటు కలిపే యంత్రం అప్పటికే తిరుగుతోంది. గొట్టం పట్టుకున్నవాళ్ళు పైకొచ్చి సిద్ధంగా నిలబడ్డారు. పొయ్యమన్న మాట వచ్చేదాకా ఎవరూ పొయ్యరు. అది పద్ధతి. ఆ మాట ఎప్పుడూ బావగారు వ్యాను కిటికీలోంచి అరిచేవాడు, అందుకని అందరి కళ్ళూ ఆయన మీదే ఉన్నాయి.

టేపక్క కాగితాలు మడిచి రవికలో దోపుకుని, “ఒక్క నిమిషం ఆగండి,” అంది. పలకల మీదుగా బాల్కనీ చివరి దాకా నడిచి, వంగి, అరచేత్తో కమ్మీలని ఒక్కొక్కటీ అదిమి చూసింది. ఇన్‌స్పెక్టరు చూశాడు కదా అనుకోలేదు. ఒక మూల కుర్చీ దగ్గర ముడి కొద్దిగా వదులనిపిస్తే, మేస్త్రి చేతిలోంచి కొక్కెం తీసుకుని తనే తిప్పి బిగించింది. యంత్రం కింద గరగరమంటూనే ఉంది. ఎవరూ తొందరపెట్టలేదు.

“ఏమండీ కాంట్రాక్టరుగారూ! పొయ్యమంటారా?”

బావగారి గొంతు. టేపక్క లేచి నిలబడి, ఆయన ఎవరిని పిలుస్తున్నాడా అని అలవాటుగా వెనక్కి తిరిగి చూసింది. వెనకాల ఎవరూ లేరు. వీధి, పచ్చ గేటు ఇల్లు, దాని మీద ఎండ, అంతే. మళ్ళీ ఇటు తిరిగేసరికి అందరూ ఆవిడ మొహంలోకే చూస్తున్నారు. బావగారి మొహంలో వేళాకోళం ఏమీ లేదు.

“పొయ్యండి,” అంది.